సర్వేలో వచ్చిన శాతాన్ని పరీక్షించడం: జెడ్, ఎగ్జాక్ట్, డిజైన్ ఆధారిత పద్ధతుల్లో ఏది ఎప్పుడు?

400 మందిని అడిగారు. 220 మంది "అవును" అన్నారు, అంటే 55 శాతం. మొత్తం జనాభాలో "అవును" అనేవాళ్లు సరిగ్గా సగమే అన్న శూన్య పరికల్పనను ఈ డేటాతో తిరస్కరించవచ్చా? 5 శాతం సార్థకతా స్థాయి (నిజమైన పరికల్పనను పొరపాటున తిరస్కరించే తప్పుకు పెట్టుకునే హద్దు) దగ్గర మామూలు జెడ్ పరీక్ష తిరస్కరించమంటుంది, పి-విలువ (పరికల్పన నిజమైతే ఇంత లేదా ఇంతకంటే పెద్ద తేడా వచ్చే అవకాశం) 0.0455. వాల్డ్ పరీక్షదీ అదే మాట, 0.0444. కంటిన్యూటీ కరెక్షన్ పెడితే మాత్రం 0.0512 వచ్చి తిరస్కరించలేమంటుంది. ఎగ్జాక్ట్ బైనామియల్ పరీక్ష కూడా 0.0510తో అటువైపే నిలబడుతుంది.

ఒకే డేటాకి రెండు తీర్పులు వచ్చాయి కదా అని చాలామంది ఇక్కడే ఆగిపోయి ఏ సూత్రం సరైనదని వాదించుకుంటారు. కానీ గమనించండి, పై నాలుగు విలువల మధ్య తేడా మొత్తం 0.007 కూడా లేదు. అదే 400 మందిని 20 క్లస్టర్ల (ప్రాంతాలు, తరగతుల్లాంటి గుంపుల) నుంచి, క్లస్టర్‌కి 20 మంది చొప్పున తీసుకుని ఉంటే పి-విలువ 0.17 దాకా పోవడం మామూలే. సూత్రం ఎంపిక రెండో మెట్టు. శాంపిల్ ఎలా తీశారన్నదే మొదటి మెట్టు.

## పద్ధతి ఎంచుకునే ముందు తేల్చుకోవాల్సినవి

శాంపిల్ ఎలా వచ్చింది? జనాభా జాబితా మొత్తం దగ్గర పెట్టుకుని, ఒక్కొక్కరినీ విడివిడిగా లాటరీ తీసినట్టు ఎంచుకుంటే అది సింపుల్ రాండమ్ శాంపిల్. పాఠ్యపుస్తకాల్లోని జెడ్, బైనామియల్ పరీక్షలు రెండూ ఇలాంటి శాంపిల్‌ కోసమే రాసినవి. ఇంటింటి సర్వేల్లో ముందు కొన్ని ప్రాంతాలను, విద్యార్థుల సర్వేల్లో ముందు కొన్ని తరగతులను ఎంచుకుని, ఆ తర్వాత వాటిలోని మనుషులను అడుగుతారు. అది క్లస్టర్ శాంపిల్. లింక్ కంటబడినవాళ్లు తమంతట తామే వచ్చి నింపిన ఆన్‌లైన్ ఫారం ఈ రెండింట్లో దేని కిందికీ రాదు.

రెండు వైపులా ఎంతమంది రావాలి? శూన్య పరికల్పన నిజమే అనుకుంటే శాంపిల్‌లో ఎన్ని "అవును"లు, ఎన్ని "కాదు"లు రావాలో లెక్కేయండి. రెండూ కనీసం 10 ఉంటే జెడ్ పరీక్షకు పెద్ద ఇబ్బంది ఉండదు. కొన్ని పుస్తకాలు 5 చాలంటాయి, 10 పెట్టుకోవడమే మేలు. ఇక్కడ తరచూ జరిగే పొరపాటు ఒకటుంది. ఈ లెక్కను శాంపిల్‌లో వచ్చిన అనుపాతంతో చేసేస్తారు. పరీక్షకు కావాల్సింది పరికల్పనలోని అనుపాతం.

ఒకవైపు పరీక్షా, రెండువైపుల పరీక్షా? సగం కంటే ఎక్కువైనా తక్కువైనా పట్టించుకునేది రెండువైపుల పరీక్ష, పైన వేసినవన్నీ అవే. సూత్రం మార్చడం కంటే ఈ నిర్ణయం ఫలితాన్ని ఎక్కువగా కదిలిస్తుంది. "సగం కంటే ఎక్కువ" అని ఒకవైపే పరీక్షిస్తే 220/400కి జెడ్ పరీక్ష 0.0228 ఇస్తుంది, ఎగ్జాక్ట్ పరీక్ష 0.0255 ఇస్తుంది. ఇందాకటి గొడవే ఉండదు, రెండూ తిరస్కరిస్తాయి. అందుకే దీన్ని డేటా చూడకముందే రాసిపెట్టుకోవాలి. ఫలితం ఎటు మొగ్గిందో చూసి ఆ వైపు పరీక్ష పెడితే, 5 శాతం అని చెప్పుకున్న తప్పు నిజానికి 10 శాతం అవుతుంది.

హారంలో ఎవరున్నారు? 440 మందిని అడిగితే 220 "అవును", 180 "కాదు", 40 "తెలియదు" వచ్చాయనుకోండి. "తెలియదు"లను తీసేస్తే 55 శాతం. ఉంచితే సరిగ్గా 50 శాతం, జెడ్ విలువ సున్నా. ఏ పరీక్షా ఈ ప్రశ్నకు జవాబివ్వదు. "అభిప్రాయం ఉన్నవాళ్లలో సగం" అన్నది పరికల్పనా, "అందరిలో సగం" అన్నదా అని ప్రశ్నపత్రం తయారయ్యే రోజే తేల్చాలి.

జనాభాలో ఎంత భాగాన్ని అడిగారు? 5 శాతం లోపైతే దీన్ని పట్టించుకోనక్కర్లేదు. దాటితే కింద పరిమిత జనాభా భాగం చూడండి.

## స్కోర్ జెడ్ పరీక్ష

తరగతుల్లో "ఒక అనుపాతానికి జెడ్ పరీక్ష" అని చెప్పేది ఇదే. సి.ఆర్. రావు 1948లో ప్రతిపాదించిన స్కోర్ పరీక్షను ఒక్క అనుపాతానికి వర్తింపజేస్తే వచ్చేది కూడా ఇదే. దీనిలో కీలకం ఒక్కటే: స్టాండర్డ్ ఎర్రర్‌ను (శాంపిల్ మారితే అనుపాతం మామూలుగా ఎంత ఊగుతుందో చెప్పే కొలతను) పరికల్పనలోని అనుపాతంతో లెక్కేస్తారు.

మన ఉదాహరణలో 0.5 × 0.5 = 0.25. దాన్ని 400తో భాగిస్తే 0.000625. వర్గమూలం 0.025. శాంపిల్ అనుపాతానికీ పరికల్పనకీ తేడా 0.05. భాగిస్తే జెడ్ = 2.00, రెండువైపుల పి-విలువ 0.0455.

ఈ పరీక్షకు సరిగ్గా జోడీ కుదిరే విశ్వాస్యతా అంతరం (డేటాతో పొసిగే అనుపాతాల హద్దులు, ఇక్కడ 95 శాతం నమ్మకంతో) విల్సన్ 1927లో ఇచ్చినది. మన డేటాకు అది 0.501 నుంచి 0.598 దాకా ఉంటుంది. 0.5 దాని బయట పడింది, పరీక్ష కూడా తిరస్కరించింది. పరీక్ష ఒక పద్ధతిలోనూ అంతరం ఇంకో పద్ధతిలోనూ చేస్తే రెండూ పొసగకపోవచ్చు. అప్పుడు రిపోర్టు చదివేవాళ్లకు ఏది నమ్మాలో తెలియదు.

దీని బలహీనత చిన్న సంఖ్యల దగ్గర బయటపడుతుంది. ఫిర్యాదు చేసేవాళ్లు 5 శాతమే అన్న పరికల్పనను, అంతకంటే ఎక్కువ అన్న ప్రత్యామ్నాయంతో ఒకవైపు పరీక్షిస్తున్నారనుకోండి. 30 మందిని అడిగితే నలుగురు ఫిర్యాదు చెప్పారు. జెడ్ = 2.09, పి-విలువ 0.018. చూడటానికి గట్టి ఆధారంలాగే ఉంది. అసలు సంభావ్యతను ద్విపద (బైనామియల్) విభాజనంతో లెక్కేస్తే 0.061. పరికల్పన ప్రకారం రావాల్సిన ఫిర్యాదులు 1.5 మాత్రమే. అక్కడ విభాజనం ఒకవైపుకి బాగా సాగిపోయి ఉంటుంది, గంట ఆకారపు వక్రం దానికి సరిపోదు.

## వాల్డ్ పరీక్ష

స్టాండర్డ్ ఎర్రర్‌ను శాంపిల్ అనుపాతంతో లెక్కేయడమే దీనికీ స్కోర్ పరీక్షకీ తేడా. 400 మంది దగ్గర ఆ తేడా కనపడదు. 30 మందిలో నలుగురి ఉదాహరణకు మాత్రం జెడ్ 1.34కి పడిపోతుంది, పి-విలువ 0.090. "అవును"లు సున్నా వస్తే స్టాండర్డ్ ఎర్రరే సున్నా అయిపోయి భాగహారం కుదరదు. సింపుల్ రాండమ్ శాంపిల్‌ మీద దీన్ని ఎంచుకోవడానికి నాకైతే ఒక్క కారణం కూడా కనపడదు. బ్రౌన్, కాయ్, దాస్‌గుప్తా 2001లో దీని అంతరం ఎంత అస్థిరంగా ప్రవర్తిస్తుందో వివరంగా చూపించారు. పెద్ద శాంపిళ్లలో కూడా 95 శాతం అని రాసిన చోట అంతకంటే తక్కువే దక్కవచ్చు.

అయినా ఇది మనకు తెలియకుండానే లోపలికి వచ్చేస్తుంది. పైథాన్ స్టాట్స్‌మోడల్స్‌లోని ప్రపోర్షన్స్-జెడ్‌టెస్ట్ ఫంక్షన్, ఏమీ చెప్పకపోతే శాంపిల్ అనుపాతాన్నే వాడుతుంది. స్కోర్ పరీక్ష కావాలంటే ప్రాప్-వార్ అనే ఆప్షన్‌కి పరికల్పనలోని అనుపాతాన్ని మనమే ఇవ్వాలి. చేత్తో చేసిన లెక్కకూ కంప్యూటర్ జవాబుకూ మూడో దశాంశ స్థానంలో తేడా వస్తే ముందు అనుమానించాల్సింది దీన్నే.

## ఎగ్జాక్ట్ బైనామియల్ పరీక్ష

దీనిలో ఉజ్జాయింపు ఉండదు. పరికల్పన నిజమైతే 220 లేదా అంతకంటే ఎక్కువ "అవును"లు వచ్చే సంభావ్యతను ద్విపద విభాజనం నుంచి నేరుగా కూడతారు. 400లో 220కి అది 0.0255, రెండువైపులకు 0.0510. దీనికి జోడీ క్లోపర్, పియర్సన్ 1934లో ఇచ్చిన అంతరం. మన డేటాకు దాని కింది హద్దు 0.4998, అంటే 0.5 వెంట్రుకవాసిలో లోపల ఉండిపోయింది.

ఎక్సెల్‌లో చేసేవాళ్లు ఒకచోట తప్పకుండా జాగ్రత్తపడాలి. బైనామ్-డిస్ట్ ఫంక్షన్ చివరి ఆప్షన్‌ను ట్రూ చేస్తే "ఇంత లేదా ఇంతకంటే తక్కువ" సంభావ్యతను ఇస్తుంది. 220 నుంచి పైకి కావాలంటే 1 లోంచి 219 దాకా ఉన్న విలువను తీసేయాలి. 219కి బదులు 220 ఇస్తే సరిగ్గా 220 వచ్చే అవకాశం లెక్కలోంచి జారిపోతుంది. రెండువైపుల పి-విలువ 0.040కి దిగి తీర్పే మారిపోతుంది.

ఎగ్జాక్ట్ అన్న పేరు చూసి ఇదే ఎప్పుడూ మంచిదనుకోవద్దు. మనుషుల సంఖ్య పూర్ణాంకాల్లోనే కదులుతుంది కాబట్టి తప్పును సరిగ్గా 5 శాతం దగ్గర ఆపడం కుదరదు. దాటకుండా ఉండాలని ఈ పరీక్ష చాలా ముందే ఆగిపోతుంది. 400 మంది, 0.5 పరికల్పన ఉన్నచోట ఇది తిరస్కరించేది 221 నుంచే (లేదా 179 నుంచి కిందికి). నిజమైన పరికల్పనను తిరస్కరించే అవకాశం 4.0 శాతమే. స్కోర్ పరీక్షది 5.1 శాతం. 30 మంది ఉదాహరణలో తేడా ఇంకా పెద్దది: ఎగ్జాక్ట్ పరీక్ష ఐదుగురు వస్తేనే తిరస్కరిస్తుంది, దాని అసలు తప్పు 1.6 శాతం. స్కోర్ పరీక్ష నలుగురికే తిరస్కరిస్తుంది, తప్పు 6.1 శాతం. మొదటిది అతిజాగ్రత్త, రెండోది ఇచ్చిన మాట దాటడం.

ఈ రెండింటి నడుమ మిడ్-పి అని ఒక దారి ఉంది. సరిగ్గా మనకు వచ్చిన సంఖ్య తాలూకు సంభావ్యతలో సగమే కలుపుతారు. 220/400కి ఇది 0.046, 30లో నలుగురికి 0.038. సగటున 5 శాతానికి దగ్గరగా ఉంటుంది గానీ దాటదన్న హామీ ఉండదు. నియంత్రణ సంస్థలకో, కోర్టుకో వెళ్లే రిపోర్టు అయితే ఎగ్జాక్ట్ వాడండి. అంతర్గత నిర్ణయాలకు మిడ్-పి బాగానే పనికొస్తుంది.

సున్నా "అవును"లు వచ్చినప్పుడు ఎగ్జాక్ట్ పద్ధతికి తిరుగులేదు. 60 మందిలో ఒక్కరూ ఫిర్యాదు చేయకపోతే 95 శాతం నమ్మకంతో పైహద్దు 4.87 శాతం. కాగితం మీద వెంటనే కావాలంటే 3ని శాంపిల్ సైజుతో భాగించండి: 3/60, అంటే 5 శాతం.

కంటిన్యూటీ కరెక్షన్ గురించి ఎక్కువ చెప్పడానికి లేదు. తేడాలోంచి అర మనిషిని తీసేసి జెడ్ లెక్కేయడం, చేత్తో లెక్కలు చేసే రోజుల్లో ఎగ్జాక్ట్ జవాబుకు దగ్గరగా రావడానికి పనికొచ్చింది. అదీ ఎప్పుడూ రాదు: 30లో నలుగురికి ఇది 0.047 ఇస్తుంది, అసలు విలువ 0.061. కంప్యూటర్ ఉన్నప్పుడు నేరుగా ఎగ్జాక్టే చేయవచ్చు. అయితే ఆర్ అనే గణాంక సాఫ్ట్‌వేర్‌లోని ప్రాప్-టెస్ట్ ఈ కరెక్షన్‌ను తనంతట తానే పెట్టేస్తుంది. వద్దనుకుంటే కరెక్ట్ అనే ఆప్షన్‌ను ఫాల్స్ చేయాలి.

## క్లస్టర్లు, వెయిట్లు ఉంటే: డిజైన్ ఆధారిత పరీక్ష

ఒకే క్లస్టర్‌లోని మనుషులకు పరిసరాలు ఒకటే, సమస్యలు దాదాపు ఒకటే. కాబట్టి జవాబులూ కలిసిపోతాయి. పదో మనిషి చెప్పేదాంట్లో కొత్త సమాచారం మొదటి మనిషి చెప్పినంత ఉండదు. దీన్ని కొలిచే అంకెను లెస్లీ కిష్ డిజైన్ ఎఫెక్ట్ అన్నాడు. వాడుకలో డెఫ్. లెక్క ఇది: క్లస్టర్‌లో అడిగిన మనుషుల సంఖ్యలోంచి 1 తీసేసి, క్లస్టర్ లోపలి పోలికను కొలిచే ఇంట్రాక్లాస్ కోరిలేషన్‌తో గుణించి, 1 కలపాలి.

క్లస్టర్‌కి 20 మంది, కోరిలేషన్ 0.05 అయితే డెఫ్ = 1 + 19 × 0.05 = 1.95. 400 మంది ఇప్పుడు 205 మందితో సమానం. జెడ్ 2.00ను √1.95తో భాగిస్తే 1.43. పైగా ఇక్కడ పోల్చాల్సింది సాధారణ విభాజనంతో కూడా కాదు, టి విభాజనంతో. దాని ఆకారాన్ని నిర్ణయించే డిగ్రీస్ ఆఫ్ ఫ్రీడమ్ మనుషుల సంఖ్య నుంచి రావు. క్లస్టర్ల సంఖ్యలోంచి స్ట్రాటాల (శాంపిల్ తీసేముందే జనాభాను విడగొట్టిన వర్గాల) సంఖ్యను తీసేస్తే వస్తాయి. 20 క్లస్టర్లు, ఒకే స్ట్రాటమ్ అయితే 19. పి-విలువ సుమారు 0.17. 0.05 అన్నది చాలా చిన్న కోరిలేషన్‌లా కనిపిస్తుంది, కానీ క్లస్టర్ పెద్దదయ్యేకొద్దీ అదే సగం శాంపిల్‌ను మింగేస్తుంది. ఖర్చు ఒకటే అయితే 20 క్లస్టర్లలో 20 మందిని అడిగేకంటే 40 క్లస్టర్లలో 10 మందిని అడగడం మంచిదనేది అందుకే. అప్పుడు డెఫ్ 1.45.

వెయిట్లు (ఒక్కో జవాబు జనాభాలో ఎంతమందికి ప్రతినిధో చెప్పే అంకెలు) కూడా ఇదే పని చేస్తాయి. వెయిట్ల వర్గాల మొత్తాన్ని శాంపిల్ సైజుతో గుణించి, వెయిట్ల మొత్తం వర్గంతో భాగిస్తే వెయిట్ల వల్ల వచ్చే డెఫ్ ఎంతో ఉజ్జాయింపుగా తెలుస్తుంది. సగం మందికి 0.5, సగం మందికి 1.5 వెయిట్ ఉంటే అది 1.25. 400 మంది 320 మందితో సమానం. వెయిట్లు వేశాక కూడా అనుపాతం 55 శాతమే ఉందనుకున్నా జెడ్ 1.79కి, పి-విలువ 0.074కి చేరుతుంది.

జరిగే ఘోరాల్లో మొదటిది వెయిట్ వేసిన సంఖ్యలను మామూలు జెడ్ పరీక్షలో పెట్టడం. సర్వే ఏజెన్సీలిచ్చే వెయిట్ల మొత్తం తరచూ జనాభాకు సమానంగా ఉంటుంది. అది 20 లక్షలైతే ప్రోగ్రాం 20 లక్షల మందిని అడిగారనుకుంటుంది, జెడ్ 141 వస్తుంది. మూడంకెల జెడ్ కనపడితే సంబరపడొద్దు, వెయిట్ల కాలమ్ ఎక్కడికి వెళ్లిందో చూడండి.

రెండోది కనపడని తప్పు. ఆడవాళ్లలో మాత్రమే అనుపాతం కావాలనుకుని, డిజైన్ చెప్పకముందే మగవాళ్ల వరుసలను డేటాలోంచి తీసేయడం. అలా చేస్తే కొన్ని క్లస్టర్లు మొత్తానికే మాయమై స్టాండర్డ్ ఎర్రర్ తప్పుతుంది. ముందు పూర్తి డేటాకు డిజైన్ చెప్పి, ఆ తర్వాత డిజైన్ లోపల ఉపవిభాగాన్ని తీసుకోవాలి. ఆర్‌లోని సర్వే ప్యాకేజీలో ఎస్‌వీవై-డిజైన్‌తో వస్తువును తయారుచేశాక దాని మీద సబ్‌సెట్ వాడితే సరి.

మూడోది, ఒక స్ట్రాటమ్‌లో ఒకే క్లస్టర్ మిగలడం. ఒక్కదానితో విస్తృతి లెక్కేయలేం కనుక ప్రోగ్రాం ఎర్రర్ ఇచ్చి ఆగుతుంది. అలాంటి స్ట్రాటమ్‌ను దానిలాంటి పక్క స్ట్రాటమ్‌తో కలపండి. ఎందుకు, దేనితో కలిపారో రాసిపెట్టండి.

చై-స్క్వేర్ రూపంలో కావాలంటే జె.ఎన్.కె. రావు, అలస్టేర్ స్కాట్ 1980ల మొదట్లో ఇచ్చిన సవరణ ఉంది (ఈ రావు వేరు, స్కోర్ పరీక్ష రావు వేరు). ఒక్క అనుపాతం విషయంలో వాళ్ల మొదటి స్థాయి సవరణ మామూలు చై-స్క్వేర్‌ను డెఫ్‌తో భాగించడమే. డెఫ్ 1.5 అయితే మన 4.00 (జెడ్ 2.00 వర్గం) కాస్తా 2.67 అవుతుంది, పి-విలువ 0.10. అనుపాతం 0కో 1కో మరీ దగ్గరగా ఉంటే ఎగ్జాక్ట్ అంతరాన్నే సర్వే డిజైన్‌కు తగ్గట్టు మలిచిన కార్న్, గ్రావ్‌బార్డ్ పద్ధతి నయం. ఆ సర్వే ప్యాకేజీలోని ఎస్‌వీవై-సీఐప్రాప్ ఫంక్షన్‌లో బీటా అనే పద్ధతి అదే.

## చిన్న జనాభాలో పెద్ద శాంపిల్

1000 మంది సభ్యులున్న సంఘంలో 400 మందిని రాండమ్‌గా అడిగితే మిగిలిన అనిశ్చితి 600 మంది గురించే. స్టాండర్డ్ ఎర్రర్‌ను √(600/999)తో, అంటే 0.775తో గుణించాలి. జెడ్ 2.58 అవుతుంది, పి-విలువ 0.0099. ఎగ్జాక్ట్ కావాలంటే బైనామియల్‌కు బదులు హైపర్‌జామెట్రిక్ విభాజనం వాడతారు.

ఈ సవరణ ఫలితాన్ని మనకు అనుకూలంగా మారుస్తుంది కాబట్టి ఆశ పుడుతుంది. ప్రశ్న ఆ 1000 మంది గురించే, ఈ సమయం గురించే అయితే వాడండి. వచ్చే ఏడాది చేరబోయే సభ్యుల గురించి కూడా చెప్పదలుచుకుంటే వాడకూడదు.

## బేసియన్ లెక్క

అన్ని విలువలకూ సమాన అవకాశం ఇచ్చే ముందస్తు విభాజనంతో మొదలుపెడితే 220/400 తర్వాత "అనుపాతం 0.5 దాటింది" అనడానికి సంభావ్యత సుమారు 0.98. నిర్ణయం తీసుకునేవాళ్లకు ఇది పి-విలువ కంటే సులువుగా అర్థమవుతుంది. క్లస్టర్ల సమస్య నుంచి మాత్రం ఇదీ కాపాడదు, మోడల్‌లో క్లస్టర్లను పెట్టాల్సిందే.

## పక్కపక్కన

| పద్ధతి | ఎప్పుడు సరిపోతుంది | 400లో 220 (రెండువైపుల) | 30లో 4 (ఒకవైపు, 5%) | ఎక్కడ దెబ్బతింటుంది |
|---|---|---|---|---|
| స్కోర్ జెడ్ | సింపుల్ రాండమ్, రెండు వైపులా 10కి పైన | 0.0455 | 0.018 | చిన్న సంఖ్యల దగ్గర |
| వాల్డ్ | వాడకపోవడమే మేలు | 0.0444 | 0.090 | 0, 1కి దగ్గర. సున్నా లెక్కలు |
| కంటిన్యూటీ కరెక్షన్ | చేతి లెక్క | 0.0512 | 0.047 | ఎగ్జాక్ట్ అనుకుంటే |
| ఎగ్జాక్ట్ బైనామియల్ | చిన్న శాంపిల్, అరుదైన లక్షణం | 0.0510 | 0.061 | అతిజాగ్రత్త |
| మిడ్-పి | అంతర్గత నిర్ణయాలు | 0.046 | 0.038 | 5 శాతం హామీ ఉండదు |
| డిజైన్ ఆధారిత, డెఫ్ 1.95 | క్లస్టర్లు, వెయిట్లు | సుమారు 0.17 | వర్తించదు | క్లస్టర్లు మరీ తక్కువైతే |

## ఎవరికి ఏది

ప్రాజెక్టు చేస్తున్న విద్యార్థి దగ్గర నిజంగా రాండమ్‌గా తీసిన 100 మందికి పైగా శాంపిల్ ఉండి, పరికల్పన 20 నుంచి 80 శాతం మధ్యలో ఉంటే స్కోర్ జెడ్, విల్సన్ అంతరం చాలు. ఎగ్జామినర్ అడిగినా నిలబడుతుంది. 220/400లాగా అంచు మీద పడితే ఎగ్జాక్ట్ విలువను కూడా పక్కన రాసేయండి, దాచడానికేముంది. రెండింట్లో ఏదో ఒకటి ముందే ఎంచుకుని ఉండాలి, అంతే.

నాణ్యత తనిఖీల్లాంటి అరుదైన లక్షణాల మీద పనిచేసేవాళ్లు వేరే ఆలోచన లేకుండా ఎగ్జాక్ట్‌కి వెళ్లండి. 30 మంది ఉదాహరణలో 0.018కీ 0.061కీ మధ్య ఉన్న దూరం ఒక మంచి సరుకును వెనక్కి పంపేయడానికి చాలు.

ఇంటింటి సర్వే డేటాతో పనిచేసేవాళ్లకు ఎంపికే లేదు, డిజైన్ ఆధారిత పరీక్షే. డేటా ఫైల్‌లో వెయిట్, స్ట్రాటమ్, క్లస్టర్ అనే మూడు కాలమ్‌లు ఉన్నాయో లేదో మొదటిరోజే చూసుకోండి. గోప్యత పేరుతో క్లస్టర్ కాలమ్ తీసేసి ఇచ్చే ఫైళ్లుంటాయి. బదులుగా రెప్లికేట్ వెయిట్లు (క్లస్టర్లు చెప్పకుండానే స్టాండర్డ్ ఎర్రర్ లెక్కేయడానికి ఇచ్చే అదనపు వెయిట్ కాలమ్‌లు) ఇచ్చారేమో అడగండి.

ఆన్‌లైన్ లింక్‌తో జవాబులు పోగుచేసినవాళ్లకు చెప్పేది కాస్త కటువుగా ఉంటుంది. 1000 మందికి పంపితే 400 మంది జవాబిచ్చారు, వాళ్లలో 55 శాతం "అవును". జవాబివ్వని 600 మందిలో "అవును" అనేవాళ్లు 47 శాతం ఉంటే మొత్తం మీద అది 50.2 శాతమే. స్టాండర్డ్ ఎర్రర్ కొలిచేది రాండమ్‌గా వచ్చే ఊగిసలాటను మాత్రమే, ఈ తేడా దానికి అందదు. శాంపిల్‌ను 4000కి పెంచినా పోదు. పి-విలువ రాయడం కంటే "జవాబిచ్చినవాళ్లలో 55 శాతం" అని రాసి, జవాబివ్వనివాళ్లలో ఎంత ఉంటే ముగింపు తిరగబడుతుందో చూపించడం నిజాయితీ.

## శాంపిల్ సైజు, ఆ తర్వాత రాయాల్సింది

ఇంకా సర్వే మొదలుపెట్టనివాళ్లకు ఈ గొడవలో సగం తప్పుతుంది. నిజమైన అనుపాతం 55 శాతం అయితే దాన్ని 50 నుంచి వేరుగా గుర్తించే అవకాశం 80 శాతం ఉండాలంటే రెండువైపుల పరీక్షకు సింపుల్ రాండమ్ శాంపిల్ 783 మంది కావాలి. 400తో ఆ అవకాశం సుమారు 52 శాతం, బొమ్మా బొరుసూ వేసినట్టే. డెఫ్ 1.5 ఉంటుందనుకుంటే 783 కాస్తా 1175 అవుతుంది. జవాబివ్వనివాళ్లను దృష్టిలో పెట్టుకుని ఎంతమందిని కలవాలన్నది దాని మీద వేరే లెక్క.

తిరస్కరించలేకపోయినప్పుడు "అనుపాతం 50 శాతమే అని రుజువైంది" అని రాయొద్దు. అంతరం ఎంత వెడల్పుగా ఉందో చెప్పండి. రిపోర్టులో హారం, పరీక్ష పేరు, ఒకవైపా రెండువైపులా, అనుపాతం, అంతరం, పి-విలువ, డెఫ్ ఒకేచోట ఉంటే చదివేవాళ్లు మళ్లీ లెక్కేసి చూసుకోగలరు.

సర్వే అయిపోయింది, క్లస్టర్ వివరాలు మాత్రం దొరకడం లేదంటే ఒక పని చేయండి. మామూలు జెడ్ విలువను 1.96తో (5 శాతం స్థాయి దగ్గర రెండువైపుల పరీక్ష హద్దుతో) భాగించి వర్గం చేయండి. ఫలితం ఎంత డెఫ్ దాకా నిలబడుతుందో అదే. జెడ్ 2.77 ఉంటే డెఫ్ 2 దాకా తట్టుకుంటుంది. మన 220/400కి అది 1.04. క్లస్టర్‌కి 20 మంది చొప్పున అడిగి ఉంటే ఇంట్రాక్లాస్ కోరిలేషన్ 0.0022 దాటగానే ఆ ఫలితం పడిపోతుంది.